సైబర్ సెక్యూరిటీలో మీ టీమ్ లీడ్‌ని ఇంక్లూజివ్ లీడర్‌షిప్ అవార్డుకి నామినేట్ చెయ్యడం ఎలా

నేనుండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్ పక్కన. ఇక్కడ వీధికో డేటా సెంటర్, ఇంటికో సెక్యూరిటీ ఇంజినీర్, అందులో మనవాళ్లు బోలెడంతమంది. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల సైబర్, నేషనల్ సెక్యూరిటీ ఫీల్డ్‌లో ఏటా రకరకాల అవార్డులిస్తుంటారు, వాటిల్లో ఒక రకం ఏంటంటే, టెక్నికల్‌గా తోపు అయినందుకు కాదు, టీమ్‌లో అందర్నీ కలుపుకుని నడిపించినందుకు ఇచ్చేది. ఈ అవార్డులకి తగినవాళ్లు చచ్చినా తమంతట తాము అప్లై చెయ్యరు. ఎవరో ఒకరు పూనుకుని నామినేట్ చెయ్యాలి, ఆ ఎవరో ఒకరు మీరే అయితే ఎలా రాయాలో చెప్తాను. నేను ఒకే మనిషి కోసం రెండుసార్లు రాశా, మొదటిసారి రాసింది ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తది, కాబట్టి ఇందులో సగం సలహాలు నా తప్పుల్లోంచి వచ్చినవే.

స్టెప్ 1: అవార్డు అసలుదా కాదా చూస్కోండి

ఇది చిన్న స్టెప్పే కానీ వదలొద్దు. "మీరు ఫైనలిస్ట్ అయ్యారు, టేబుల్ బుక్ చేస్కోడానికి ఇంత కట్టండి" అని మెయిల్ వస్తే అది అవార్డు కాదు, అమ్మకం. జడ్జీలు ఎవరు, పాత విన్నర్స్ ఎవరు, క్రైటీరియా పబ్లిక్‌గా పెట్టారా, ఈ మూడూ కనపడాలి. పాత విన్నర్స్ గురించి రాసిన నాలుగు ముక్కలు చదివితే అక్కడ దేనికి మార్కులు పడతాయో తెలిసిపోతుంది, క్రైటీరియా పేజీ కంటే అదే ఎక్కువ చెప్తుంది. తర్వాత లాస్ట్ డేట్ ఏ టైమ్ జోన్‌లోదో రాసిపెట్టుకోండి. ఇండియాలో ఉండి రాసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఎక్కడ వెతకాలో తెలీకపోతే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2008లో పెట్టిన డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర మొదలుపెట్టండి, వాళ్ల ఎక్సలెన్స్ అవార్డులు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఇంజినీరింగ్ అయిపోయిన అమ్మాయిల కోసం 2018లో సైబర్ శిక్షా మొదలుపెట్టింది కూడా వాళ్లే. ఇక్కడ అమెరికాలో అయితే అంబరీన్ సిరాజ్ మొదలుపెట్టిన విమెన్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ, దాన్ని అందరూ విసిస్ అంటారు, వాళ్ల మెంబర్లలో ఎవరినన్నా అడిగితే మీ ఫీల్డ్‌కి సరిపోయే నామినేషన్లు ఎప్పుడెప్పుడు ఓపెన్ అవుతాయో చెప్తారు.

స్టెప్ 2: ఇంక్లూజివ్ అంటే ఏంటో మీకు మీరు క్లియర్ చేస్కోండి

మనలో చాలామందికి ఆ మాట వినగానే దీపావళికి ఆఫీసులో సమోసాలు, మార్చి 8న గులాబీ పూలు గుర్తొస్తాయి. అది కాదండీ. ఈ ఫీల్డ్‌లో అది పనికి సంబంధించిన విషయం. సెక్యూరిటీ సర్టిఫికెట్లిచ్చే ఐఎస్‌సీ2 అనే సంస్థ వాళ్లు 2023లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద సైబర్ సెక్యూరిటీలో పనిచేసేవాళ్లు దాదాపు 55 లక్షలు, ఇంకా కావాల్సినవాళ్లు దాదాపు 40 లక్షలు. ఇంత కరువులో కూడా ఎంట్రీ లెవెల్ ఉద్యోగానికి సీఐఎస్‌ఎస్‌పీ కావాలని అడిగే యాడ్స్ చూస్తుంటాం, ఆ సర్టిఫికెట్ పూర్తిగా రావాలంటేనే 5 ఏళ్ల అనుభవం ఉండాలి (డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది అంతే), మరి ఫ్రెషర్ ఎక్కడినుంచి తెస్తాడు? అలాంటి అడ్డగోలు రూల్ ఒకటి జాబ్ డిస్క్రిప్షన్‌లోంచి తీయించిన మేనేజర్ ఉంటే, అదే ఇంక్లూజివ్ లీడర్‌షిప్.

ఇంకో ఉదాహరణ 2020లో వచ్చిన షేర్ ది మైక్ ఇన్ సైబర్. కమీల్ స్టూవర్ట్, లారెన్ జాబియెరెక్ ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. పేరున్న సెక్యూరిటీ పెద్దలు తమ సోషల్ మీడియా అకౌంట్లని ఒకరోజు నల్లజాతి సైబర్ నిపుణుల చేతికిచ్చేశారు, ఫాలోయర్లు పెద్దలవే కానీ మాట్లాడేది మాత్రం వీళ్లు. కమీల్ ఆ తర్వాత వైట్‌హౌస్ నేషనల్ సైబర్ డైరెక్టర్ ఆఫీసులో డిప్యూటీగా చేశారు. నాకు అందులో నచ్చేది ఏంటంటే, ఎవరూ ఎవరి గురించీ పొగుడుతూ ఉపన్యాసం ఇవ్వలేదు, మైక్ తీసి ఇచ్చారు, అంతే. మీరు నామినేట్ చేసే మనిషి ఎప్పుడు, ఎవరికి, ఏ మైక్ ఇచ్చారో వెతకండి, మీ నామినేషన్ మొత్తం దాని మీదే నిలబడుతుంది.

స్టెప్ 3: ఇంటికి ఫోన్ చెయ్యండి

నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. మొదటిసారి నేను రాసిందాన్లో "స్ఫూర్తిదాయకమైన నాయకురాలు, అందరికీ ఆదర్శం, అంకితభావం" ఇలాంటి మాటలే ఒక పేజీ నిండా ఉన్నాయి, సన్మానపత్రంలాగ. శాలువా ఒక్కటే తక్కువ. రిజల్ట్ మీకు తెలిసిందే. రెండో ఏడాది రాద్దామని కూర్చున్నప్పుడు తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది, ఏం చేస్తున్నావంటే ఇలా మా లీడ్ గురించి రాస్తున్నా, చాలా మంచావిడ, అందర్నీ బాగా చూస్కుంటది అని చెప్పా. అమ్మ అంతా విని, "మంచావిడ అంటున్నావు సరే నాన్నా, ఇంతకీ ఏం చేసింది?" అంది.

ఏం చేసిందా... అప్పుడు చెప్పడం మొదలుపెట్టా.

2021 డిసెంబర్, లాగ్‌ఫర్‌జేలో హోల్ బయటపడిన వీకెండ్. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ వీకెండ్ మర్చిపోరు, జావాలో లాగ్స్ రాసే చిన్న లైబ్రరీ, అది ఎక్కడెక్కడ దాక్కుని ఉందో కంపెనీలకే తెలీదు, తీవ్రత స్కోరు పదికి పది. మేము బ్రిడ్జ్ కాల్‌లో (ఇలాంటప్పుడు అందరూ కలిసే కాన్ఫరెన్స్ కాల్) పద్దెనిమిది మందిమి, గంటల తరబడి. నైట్ షిఫ్ట్‌లో మన ఏలూరు కుర్రాడొకడు ఉన్నాడు, టెంపా నుంచి రిమోట్‌గా చేస్తాడు, ప్యాచ్ (హోల్ పూడ్చే అప్‌డేట్) అయిపోయిందని అందరూ టిక్ కొట్టేసిన ఒక సర్వర్‌లో పాత వెర్షన్ ఇంకా నడుస్తోందని వాడు చాట్‌లో పెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పైన సీనియర్లు మాట్లాడుతూనే ఉన్నారు, చాట్ పైకి వెళ్లిపోయింది, ఎవరూ చూడలేదు, నాలుగు గంటల తర్వాత స్కాన్‌లో అదే సర్వర్ బయటపడింది. నేను తర్వాత వాడికి ఫోన్ చేసి నోరు తెరిచి చెప్పొచ్చు కదరా అంటే, "అన్నా, మనం మ్యూట్ తీసేలోపు వాళ్లు ఇంకో టాపిక్‌కి వెళ్లిపోతారన్నా" అన్నాడు.

మా లీడ్ సోమవారం ఆ చాట్ మొత్తం కూర్చుని చదివింది. ఎయిర్ ఫోర్స్‌లో చేసొచ్చిన మనిషి, ఎక్కువ మాట్లాడదు. మంగళవారం నుంచి రూల్ మారిపోయింది: బ్రిడ్జ్ కాల్ మొదలవగానే ఫస్ట్ మాట్లాడేది అలర్ట్ చూసిన అనలిస్ట్, ఎంత జూనియర్ అయినా సరే, వాళ్లు అయిందన్నాకే సీనియర్లు. చాట్ చదవడానికే ఒక మనిషి, ప్రతి ఇరవై నిమిషాలకీ ఆ మనిషి కాల్ ఆపి చాట్‌లో మిగిలిపోయినవి పైకి చదవాలి. మా డైరెక్టర్‌కి ఇది నచ్చలేదు, టైమ్ వేస్ట్ అన్నాడు, ఈవిడ వెనక్కి తగ్గలేదు. రెండు నెలల తర్వాత ఆ ఏలూరు కుర్రాడే ఒక ఇన్సిడెంట్ కాల్ మొత్తం నడిపాడు.

అమ్మ వెంటనే, "అయితే అది రాయి" అంది.

మీరు కూడా అంతే. నామినేషన్ ఇంగ్లీషులోనే పంపాలి కాబట్టి మన బుర్ర ముందే ఇంగ్లీషు పొగడ్తల్లోకి జారిపోతుంది, అందుకని ముందు తెలుగులో, సెక్యూరిటీ అంటే ఏంటో తెలీని మనిషికి చెప్పండి, వాళ్లు "ఇంతకీ ఏం చేసింది" అని అడగ్గానే మీ నోట్లోంచి ఏమొస్తే అది రాయండి. ఫోన్ రికార్డింగ్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

స్టెప్ 4: కింద పనిచేసినవాళ్లని అడగండి

అందరూ చేసే తప్పు ఏంటంటే రికమెండేషన్ కోసం పైవాళ్ల దగ్గరికి వెళ్తారు, డైరెక్టర్, వీపీ, సంతకం పెద్దగా ఉంటే బరువుంటుందని. ఈ అవార్డుకి మాత్రం కిందనుంచి వచ్చే మాటకే విలువ. కనీసం నలుగురైదుగురితో మాట్లాడండి, అందులో ఒకరు టీమ్ వదిలి వెళ్లిపోయినవాళ్లయితే బెస్ట్, ఎందుకంటే వాళ్లకి మొహమాటం ఉండదు. "ఆవిడ గురించి చెప్పు" అని అడక్కండి, "ఆవిడ లేకపోతే నీకు జరిగేది కాదు అనుకునేది ఒక్కటి చెప్పు" అని అడగండి. మొదటిదానికి మంచిది అని జవాబొస్తుంది, రెండోదానికి కథ వస్తుంది.

నేనలా అడిగితే నాకు తెలీని సంగతులు బయటికొచ్చాయి. మాలో ఒకమ్మాయి, ఇక్కడ కొత్తగా సిటిజన్ అయింది, క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడ్డానికి ఇచ్చే అనుమతి, కావాల్సిన ప్రాజెక్టుకి ఇంటర్వ్యూ ఇచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్ మామూలుగా సిటిజన్లకే ఇస్తారు, హెచ్1బీ మీదున్నవాళ్లకి ఆ తలుపు మూసే ఉంటుంది. సిటిజన్ అయ్యాక కూడా ఎస్ఎఫ్ 86 అని పెద్ద ఫామ్ నింపాలి, అందులో వేరే దేశంలో ఉన్న అమ్మానాన్న, అక్కచెల్లెళ్లు, రెగ్యులర్‌గా మాట్లాడే అక్కడి ఫ్రెండ్స్ అందరి వివరాలూ ఇవ్వాలి. దగ్గర బంధువులు బయట ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ రాదని రూల్ ఎక్కడా లేదు, కానీ లేటవుతుందేమో అన్న భయంతో కొందరు మేనేజర్లు ఇలాంటి రెజ్యూమెని నైసుగా పక్కనపెట్టేస్తారు, పైకి చెప్పరు. మా లీడ్ ఆ అమ్మాయిని తీస్కుంది, క్లియరెన్స్ వచ్చేదాకా క్లాసిఫైడ్ కాని పని ఇచ్చి కూర్చోబెట్టింది, ఫామ్ గురించి ఒక్క మాటే చెప్పిందంట, గుంటూరులో పెదనాన్న కొడుకుతో నెలకోసారి మాట్లాడినా సరే దాచకు, దాస్తేనే సమస్య అని. అమ్మాయికి క్లియరెన్స్ వచ్చింది. ఈ ముక్క నాకు చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ఏడ్చింది, నేనేం చెయ్యాలో తెలీక కాఫీ తెస్తానని లేచా.

వాళ్లు చెప్పినవి రాసేముందు వాళ్ల పర్మిషన్ తీస్కోండి. క్లియరెన్స్ కథలైతే మరీ. నేను ఆ అమ్మాయి పేరు, ప్రాజెక్టు, దేశం ఏదీ పెట్టలేదు, "కొత్తగా పౌరసత్వం తీస్కున్న ఒక ఇంజినీర్" అంతే.

స్టెప్ 5: రాయడం

ఇప్పుడు మీ దగ్గర మూడు నాలుగు కథలుంటాయి. అన్నీ పెట్టకండి, రెండు చాలు. ఒక్కో కథలో ముందు పరిస్థితి ఎలా ఉండేది, ఆవిడ ఏం మార్చింది, అందుకు ఎవరితో తగువు పడింది, తర్వాత ఏమైంది, ఇవి రావాలి. తగువు సంగతి చాలామంది మర్యాద కోసం వదిలేస్తారు, వదలకండి, డైరెక్టర్ పేరు పెట్టకుండా "పైనుంచి అభ్యంతరం వచ్చినా" అనండి చాలు. ఏ నష్టం లేకుండా చేసిన మంచి ఎవరైనా చేస్తారు.

నెంబర్లు ఉంటే పెట్టండి, నిజమైనవి మాత్రమే. ఏడాది ముందు ఇన్సిడెంట్ కాల్స్ ఎంతమంది నడపగలిగేవాళ్లు, ఇప్పుడెంతమంది, మా టీమ్‌లో అది ఇద్దరి నుంచి ఏడుగురైంది, ఈ ఒక్క లైన్ నా మొదటి ఏడాది పేజీ మొత్తానికంటే బరువుగా ఉంది. నెంబర్ లేకపోతే లేదు, కల్పించొద్దు, జడ్జీలు ఫోన్ చేసి అడిగితే పరువు మీది కాదు ఆవిడది పోతుంది.

విశేషణాలు కొట్టెయ్యడానికి ఒక చిన్న చిట్కా: రాసింది ప్రింట్ తీసి, ఇదే వాక్యం వేరే ఎవరి నామినేషన్‌లో పెట్టినా సరిపోతుందా అని ఒక్కోదాన్నీ చూడండి. సరిపోతే పెన్నుతో అడ్డంగా గీత. నా మొదటి డ్రాఫ్ట్‌లో ఇలా గీస్తే మిగిలింది ఆవిడ పేరు, జాయినింగ్ డేట్.

2025 జనవరి తర్వాత ఇంకో చిక్కు ఉంది. ఆ నెలలో వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్లతో ఫెడరల్ ఏజెన్సీల్లో డీఈఐ (డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్) ప్రోగ్రాములు ఆపేశారు, ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీలూ ఆ మాట వాడాలంటే భయపడుతున్నాయి. మీ మనిషి ఫెడరల్ ఉద్యోగి అయినా, కాంట్రాక్టర్ అయినా ముందు ఆవిడనే అడగండి, ఈ టైటిల్ ఉన్న అవార్డుకి పేరు పంపితే నీకు ఇబ్బందా అని. ఇబ్బంది అంటే గౌరవించండి, సర్‌ప్రైజ్ ఇద్దామని చాటుగా పంపి ఒకరి ఉద్యోగం మీదికి తేకండి. ఓకే అంటే మాత్రం రాయడంలో మీకు కష్టమేం లేదు, ఎందుకంటే మీ కథల్లో ఉన్నదంతా పనే: ఎవరు మాట్లాడారు, ఏ సర్వర్ దొరికింది, ఎవరు కాల్ నడిపారు.

స్టెప్ 6: చెప్పకూడనివి చెప్పకుండా

ఇది నేషనల్ సెక్యూరిటీ కాబట్టి ఈ స్టెప్ దాటెయ్యడానికి లేదు. క్లియరెన్స్ ఉన్నవాళ్ల పని గురించి బయటికి వెళ్లే ఏ కాగితమైనా వాళ్ల ఆఫీసు చూసి ఓకే అనాలి, డిఫెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అయితే ప్రీపబ్లికేషన్ రివ్యూ కోసం ఒక ఆఫీసే ఉంది. దానికి టైమ్ పడుతుంది, లాస్ట్ డేట్‌కి మూడు రోజుల ముందు పంపి తిట్టుకోవద్దు. ప్రైవేట్ కంపెనీ అయినా క్లయింట్ పేరు, టూల్స్ పేర్లు, ఏ హోల్ ఎన్ని రోజులు తెరిచి ఉందో, ఇవేవీ వద్దు. టీఎల్‌పీలో, అంటే ఏ సమాచారం ఎవరితో పంచుకోవచ్చో రంగులతో చెప్పే పద్ధతిలో, రెడ్, ఆంబర్ మార్క్ ఉన్న రిపోర్ట్‌లోంచి ఒక్క ముక్క కూడా ఎత్తొద్దు. నేను లాగ్‌ఫర్‌జే అని రాసింది అది లోకమంతా తెలిసిన సంగతి కాబట్టి, ఏ సర్వర్ అనేది రాయలేదు.

కథలో రహస్యం తీసేస్తే ఏం మిగలదు అంటారా? ఇక్కడికి దగ్గర్లో రూట్ 50 మీద ఆర్లింగ్టన్ హాల్ ఉంది, నేను డీసీ వెళ్లేటప్పుడు దాన్ని దాటుకునే వెళ్తా. ఒకప్పుడు అమ్మాయిల కాలేజీ, 1942లో ఆర్మీ తీస్కుని కోడ్‌బ్రేకింగ్ సెంటర్ చేసింది, వేలమంది ఆడవాళ్లు అక్కడ జపాన్ కోడ్లు విప్పారు. అదే బిల్డింగుల్లో నల్లజాతి వాళ్లని విడిగా కూర్చోబెట్టిన ఒక యూనిట్ కూడా ఉండేది, దాన్ని నడిపిన విలియం కాఫీ అక్కడ మొదట చేరింది ఊడ్చే పనికి. దశాబ్దాలపాటు వీళ్లెవరి గురించీ బయట తెలీదు. చేసిన పనిలో రహస్యాలు పక్కనపెట్టినా, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎవరికి పని నేర్పారు అన్నది మిగిలింది, ఇప్పుడు మనం చదివేది అదే. ఆ యుద్ధకాలంలోనే కోడ్‌బ్రేకింగ్‌లోకి వచ్చిన ఆన్ కరాచ్చిస్టీ 1980లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి మొదటి మహిళా డిప్యూటీ డైరెక్టర్ అయ్యారు.

స్టెప్ 7: గిఫ్టు రూల్

అవార్డంటే షీల్డ్ ఒక్కటే కాదు, ఒక్కోసారి చెక్కు, డిన్నర్, విమానం టికెట్ కూడా ఉంటాయి. ఇక్కడి ఫెడరల్ ఉద్యోగికి క్యాష్ వచ్చినా, మొత్తం విలువ 200 డాలర్లు దాటినా ఎథిక్స్ ఆఫీసర్ రాతపూర్వకంగా ఓకే అనాలి. క్యాష్ లేకుండా 200 లోపైనా, ఇచ్చే సంస్థకి ఆ ఉద్యోగి చేతిలో ఏ పనీ ఉండకూడదు, అంటే ఆవిడ కాంట్రాక్టు చూసే కంపెనీ ఆవిడకే అవార్డు ఇస్తానంటే కుదరదు. ఇండియాలో సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగులకి 1964 కండక్ట్ రూల్స్‌లో 14వ రూల్ ఉంది, ముందు పర్మిషన్ లేకుండా ఇలాంటి సన్మానాలు తీస్కోకూడదు. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో ల్యాబుల్లో చేసేవాళ్లని నామినేట్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, పేరు అనౌన్స్ అయ్యాక పరిగెత్తితే లాభం లేదు.

స్టెప్ 8: పంపాక

వర్డ్ లిమిట్ దాటితే ఫామ్ చివర కట్ చేసేస్తుంది, చెప్పదు కూడా, కాబట్టి వేరే ఫైల్లో రాసి, లెక్కబెట్టి, అప్పుడు పేస్ట్ చెయ్యండి. కన్ఫర్మేషన్ మెయిల్ స్క్రీన్‌షాట్ దాచండి. పంపిన టెక్స్ట్ ఒక కాపీ ఆవిడకి ఇవ్వండి, అవార్డు వచ్చినా రాకపోయినా యాన్యువల్ రివ్యూకి అది పనికొస్తుంది. మా లీడ్‌కి ఇచ్చినప్పుడు మొత్తం చదివి, చాట్ చదివే రూల్ గురించి రాసిన పేరాలో ఇరవై నిమిషాలు కాదు పదిహేను అని సరిచేసి వెనక్కిచ్చింది, ఇంకేం అనలేదు.

రెండోసారి షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లింది, అక్కడ ఆగింది. ఫైల్ అలాగే ఉంచా. వచ్చే నామినేషన్ విండో ఆగస్టులో తెరుస్తారు, మొన్న ఏలూరు కుర్రాడు ఫోన్ చేసి ఈసారి నేను రాస్తానన్నా, నువ్వు చదివి గీతలు కొట్టు చాలు అన్నాడు.